కోట గోడకు పునాది ఎక్కడ?

1509లో విజయనగర సింహాసనం మీద కృష్ణదేవరాయలు కూర్చున్నాడు. అదే 1509లో ఇంగ్లండు సింహాసనం మీద ట్యూడర్ వంశపు ఎనిమిదో హెన్రీ కూర్చున్నాడు. మన సిలబస్‌లో ఒకరు ఒక పేపర్లోనూ, మరొకరు ఇంకో పేపర్లోనూ వస్తారు గనుక ఇద్దరూ సమకాలికులన్న సంగతి మనకు చప్పున తట్టదు. రాయలవారు కళింగ దండయాత్ర రోజుల్లో మన ఆళ్ళగడ్డ పక్కనున్న అహోబిలం వచ్చి నరసింహస్వామికి నగలు సమర్పించుకున్నాడు. అక్కడి శాసనం ఆ మాట చెబుతుంది. పింగళి సూరన 'కళాపూర్ణోదయం' అందుకున్న నంద్యాల కృష్ణమరాజు కూడా ఆ పదహారో శతాబ్దం వాడే. అంటే హెన్రీ తన సముద్ర తీరం పొడుగునా కోటలు కట్టించుకుంటున్న కాలంలో మన కుందేటి ఒడ్డున కూడా రాజులున్నారు, కోటలున్నాయి, కవులున్నారు.

ఈ వ్యాసంలో ఆ ట్యూడర్ కోటల కథను, మన నంద్యాల–ఆళ్ళగడ్డ–కోవెలకుంట్ల సీమలోని కోటల కథను పక్కపక్కన పెట్టి చూడాలని నా ప్రయత్నం. మాది ఆళ్ళగడ్డ ప్రాంతం. చిన్నప్పుడు బురుజు నీడన గోలీలాడుకున్న వాళ్ళలో నేనొకణ్ణి. చరిత్ర చదువుకున్న తర్వాత నన్ను వదలకుండా వెంటాడిన ప్రశ్న ఒకటే. ఇంత లావు గోడలు కట్టుకున్న వాళ్ళు ఎట్లా ఓడిపోయారు? ఫిరంగి దెబ్బకేనా? ఇంకేదైనా ఉందా?

హెన్రీ భయం

ముందు ఇంగ్లండు సంగతి చూద్దాం. హెన్రీ 1534లో రోము పోపుతో తెగతెంపులు చేసుకొని, తన దేశపు చర్చికి తానే పెద్దనని చట్టం చేసుకున్నాడు. అప్పటిదాకా ఫ్రాన్సు రాజు మొదటి ఫ్రాన్సిస్, చక్రవర్తి అయిదో చార్లెస్ ఒకరితో ఒకరు కొట్టుకుంటూ ఉండేవారు గనుక హెన్రీకి నిద్ర పట్టేది. 1538లో వాళ్ళిద్దరూ సంధి చేసుకున్నారు. పోపు పేరు చెప్పి ఇద్దరూ కలిసి మీద పడతారేమోనన్న భయం పుట్టింది. 1539లో తీరమంతా కోటలు కట్టమని ఆజ్ఞ అయింది.

కెంటు తీరంలో డౌన్స్ అనే చోట ఓడలు లంగరు వేసుకోవడానికి మంచి వసతి ఉంది. శత్రువు దిగడానికీ అదే వసతి. అందుకని అక్కడ వరసగా మూడు కోటలు లేచాయి: శాండౌన్, డీల్, వాల్మర్. మూడింటినీ అక్కచెల్లెళ్ళనుకోవచ్చు.

కోట అనగానే మనకు ఆకాశాన్నంటే గోడ గుర్తుకొస్తుంది. ఇవి అట్లాంటివి కావు. పొట్టిగా, లావుగా, గుండ్రంగా ఉంటాయి. డీల్ కోటను పైనుంచి చూస్తే నడుమ ఒక గుండ్రటి బురుజు, దాని చుట్టూ ఆరు రేకులు, ఆ రేకుల చుట్టూ మళ్ళీ ఆరు రేకులు. అచ్చం పువ్వు ముగ్గు వేసినట్లుంటుంది. ఎందుకిట్లా? బాణాల కాలంలో గోడ ఎంత ఎత్తుంటే అంత క్షేమం. ఫిరంగి వచ్చాక ఎత్తయిన గోడ గుండుకు మంచి గురి అయిపోయింది. కనుక గోడను కిందికి దించి, మందం పెంచి, తగిలిన గుండు పక్కకు జారిపోయేటట్లు ఒంపు తిప్పారు. అంతస్తులు అంతస్తులుగా రంధ్రాలు పెట్టి ఫిరంగుల్ని సముద్రం వైపు నిలబెట్టారు.

ఈ పద్ధతిలోనూ ఒక లోపముంది. గుండ్రటి బురుజు మొదట్లోకి వచ్చి నక్కిన శత్రువు పక్క బురుజులోని వాడికి కనపడడు. అక్కడికి గుండు చేరదు. ఇటలీ వాళ్ళు ఈ లెక్క ముందే కట్టి, బాణపు మొన ఆకారంలో కోణాల బురుజులు కట్టడం మొదలుపెట్టారు. ఆ తర్వాత ఐరోపాలో కట్టిన కోటలన్నీ చాలావరకు ఆ దారే పట్టాయి. హెన్రీ పువ్వుకోటలు కట్టిన కొద్ది కాలానికే పాతబడిపోయాయి.

డబ్బు ఎక్కడిది?

విద్యార్థులు అడగవలసిన అసలు ప్రశ్న ఇదీ. 1539 నుండి 1547 వరకు ఈ కోటల పనికి సుమారు 3,76,000 పౌన్లు ఖర్చయింది. ఆ రోజుల్లో అది కొండంత సొమ్ము. 1536 నుండి 1540 లోపల హెన్రీ తన దేశంలోని క్రైస్తవ మఠాలన్నిటినీ మూయించి, వాటి మాన్యాలను, బంగారాన్ని, చివరికి కప్పు మీది సీసపు రేకులను కూడా స్వాధీనం చేసుకున్నాడు. కోటలకు సొమ్ము చాలావరకు అక్కడినుంచే. బ్యూలీ అనే మఠాన్ని పడగొడితే వచ్చిన సామాను కాల్‌షాట్ కోటలో చేరింది. జపం చేసిన గోడలే ఫిరంగి మోసే గోడలయ్యాయి.

మనవైపు ఇటువంటి కథ లేదనుకోకండి. జమ్మలమడుగు దగ్గర పెన్నేటి లోయ మీదున్న గండికోటను 1650లో గోల్కొండ సేనాని మీర్ జుమ్లా పెమ్మసాని నాయకుల నుంచి గెలుచుకున్నాడు. 1652లో ఆ కోటకు వచ్చిన ఫ్రెంచి వర్తకుడు తవెర్నియే తన యాత్రా గ్రంథంలో ఒక సంగతి రాశాడు. మీర్ జుమ్లా చుట్టుపక్కల గుళ్ళలోని లోహ విగ్రహాలను తెప్పించి, వాటిని కరిగించి ఫిరంగులు పోయమని ఒక ఫ్రెంచి పనివాడికి అప్పగించాడట. కొన్ని విగ్రహాలు ఎంత చేసినా కరగలేదట, తలపెట్టిన పని నెరవేరలేదట. మతం వేరు, దేశం వేరు, పని మాత్రం ఒకటే. కోటకు డబ్బు కావాలి, లోహం కావాలి. అవి ఎక్కడ పోగుపడి ఉంటే రాజు చెయ్యి అక్కడికి పోతుంది.

ఇంతకీ హెన్రీ భయపడ్డ దండయాత్ర వచ్చిందా? 1545లో ఫ్రెంచి నౌకాదళం వచ్చింది. పోర్ట్స్‌మత్ ముంగిట సౌత్‌సీ కోట దగ్గర నిలబడి హెన్రీ చూస్తుండగానే అతని పెద్ద ఓడ మేరీ రోజ్ మునిగిపోయింది. ఫ్రెంచి వాళ్ళు దేశాన్ని గెలవలేక వెనక్కు మళ్ళారు. డౌన్స్‌లోని మూడు కోటలు మాత్రం చాలా కాలం పనిలేకుండా సముద్రం కేసి చూస్తూ ఉండిపోయాయి. చివరికి 1648లో వాటి మీద నిజంగా ముట్టడి జరిగింది. అయితే ముట్టడించినవాడు పరదేశి కాదు. రాజుకూ పార్లమెంటుకూ జరిగిన అంతర్యుద్ధంలో ఇంగ్లీషువాడే ఇంగ్లీషు కోటను చుట్టుముట్టాడు. సముద్రం వైపు చూడమని కట్టిన కోటకు శత్రువు నేల వైపు నుంచి వచ్చాడు.

మన బురుజు

ఇప్పుడు మన ఇంటికి వద్దాం. తూర్పున నల్లమల, పడమట ఎర్రమల, నడుమ నల్లరేగడి, ఆ రేగడిలో కుందేరు. ఇదీ మన సీమ. ఇంగ్లండుకు సముద్రం ఏదో మనకు ఈ రెండు కొండల వరుసలు అది. నంద్యాల నుంచి నంది కనమ దాటితే గిద్దలూరు, కంభం. కనమ ఎవడి చేతిలో ఉంటే దారి వాడిది, దారి ఎవడిదైతే సుంకం వాడిది.

మన కోట మాటలే చూడండి, అందులో చరిత్ర ఉంది. 'కోట', 'అగడ్త', 'కొత్తళం', 'దిడ్డి' మన పాత మాటలు. 'బురుజు' అరబ్బీ నుంచి వచ్చింది, 'ఖిల్లా' కూడా అంతే. 'ఫిరంగి' అన్న మాట 'ఫరంగి', అంటే ఐరోపావాడు, అన్న మాటలోంచి పుట్టింది. ఆయుధం పేరు చెబితే దాన్ని తెచ్చినవాడి పేరు బయటపడుతుంది. 1520లో రాయలవారు రాయచూరు కోటను గెలిచినప్పుడు ఆయన వైపు పోర్చుగీసు తుపాకీవాళ్ళు ఉన్నారు. హెన్రీ డీల్‌కు పునాది తీయించడానికి 19 ఏళ్ళ ముందే ఫిరంగి పొగ మన దక్కనులో కమ్మింది.

1565లో తళ్ళికోట యుద్ధంతో విజయనగరం దెబ్బతిన్నాక, ఎక్కడికక్కడ నాయకులూ పాలెగాళ్ళూ బలపడ్డారు. 'పాళెం' అంటే దండు దిగిన చోటు. పాళేనికి పెద్ద పాలెగాడు. అతనికి కొన్ని ఊళ్ళు, ఒక కోట, కొంత బంట్రోతు బలగం. ఊళ్ళను దొంగల నుంచి కాపాడడం అతని పని, దానికి కావలి రుసుం తీసుకోవడం అతని హక్కు. అతని కింద కట్టుబడి వాళ్ళుండేవారు. వాళ్ళకు జీతం డబ్బు రూపంలో కాదు, భూమి రూపంలో ఉండేది. స్వల్పమైన పన్నుతో ఇనాం నేల దున్నుకుంటారు, పిలిచినప్పుడు ఈటె పట్టుకొని వస్తారు.

రాజు కోట కట్టాడు, పాలెగాడు గడి కట్టాడు, ఊరు బురుజు కట్టుకుంది. ఊరి బురుజు ఫిరంగికి నిలబడడానికి కట్టింది కాదు. రాయీ మట్టీ కలిపి పేర్చిన గుండ్రటి కట్టడం. గుమ్మం నేల మీద పెట్టకుండా ఎత్తులో పెట్టేవాళ్ళు. నిచ్చెన వేసుకొని ఎక్కి, నిచ్చెన పైకి లాగేసుకుంటే చాలు, గుర్రం మీద వచ్చిన దోపిడీ దండు కింద నిలబడి తిట్టుకోవలసిందే. పైనుంచి చూసేవాడికి రేగడి చేలల్లో రెండు కోసుల దూరాన లేచిన దుమ్ము కనబడుతుంది. నగారా మోగిస్తాడు, ఊరు సర్దుకుంటుంది. మా తాత ఒక మాట అంటుండేవాడు: "బురుజు యుద్ధం చేసేదానికి కాదు నాయనా, యుద్ధం పొయ్యేదాకా బతికుండేదానికి!" డీల్ కోట కట్టిన ఇంజనీరు కూడా ఇంతకన్నా బాగా చెప్పలేడనుకుంటాను.

పాలెగాళ్ళ కాలాన్ని బంగారు కాలంగా చెప్పడం నా ఉద్దేశం కాదు. కాపాడేవాడే దోచుకున్న సందర్భాలున్నాయి. ఇద్దరు పాలెగాళ్ళ వైరంలో పంట తగలబడింది రైతుదే. అయితే ఒక్క సంగతి గుర్తుంచుకోవాలి. ఆ కోట, ఆ కావలి, ఆ కట్టుబడి, ఆ ఇనాం నేల ఒకే కట్టుకు కట్టిన పుల్లలు. ఒకటి లాగితే మిగతావి రాలిపోతాయి.

కాగితం చేసిన ముట్టడి

ఆ పుల్లను లాగినవాడు ఫిరంగితో రాలేదు, కాగితంతో వచ్చాడు.

1792లోనూ 1799లోనూ టిప్పు సుల్తాను ఓడిపోయినప్పుడు ఈ జిల్లాలు పంపకాల్లో నిజాముకు వచ్చాయి. 1800 అక్టోబరు 12న నిజాం అలీ ఖాన్, ఈస్టిండియా కంపెనీ ఒక ఒప్పందం చేసుకున్నారు. హైదరాబాదులో కంపెనీ సైన్యాన్ని ఉంచుకున్నందుకు దాని ఖర్చుల కింద నిజాము బళ్ళారి, అనంతపురం, కడప ప్రాంతాలతో పాటు కర్నూలు వైపు భూభాగాలను కంపెనీకి రాసిచ్చేశాడు. మన కోవెలకుంట్ల తాలూకా కడపలో భాగంగా అట్లా కంపెనీ కిందికి పోయింది. నంద్యాల, సిరివెళ్ళ ప్రాంతాలు మాత్రం కర్నూలు నవాబు కింద మరికొంత కాలం మిగిలాయి. ఒక్క గుండు పేలలేదు, ఒక్క గోడ బీట వారలేదు. సంతకం పెట్టినవాడు ఈ ఊళ్ళు చూసి ఉండడు, ఈ ఊళ్ళవాళ్ళను అడిగినవాడు లేడు.

ఆ ఏడే ప్రిన్సిపల్ కలెక్టరుగా వచ్చిన థామస్ మన్రో 1807 దాకా ఇక్కడ ఉన్నాడు. దత్త మండలాల్లో అప్పటికి సుమారు 80 మంది పాలెగాళ్ళున్నారు. మన్రో తెలివంతా ఇక్కడుంది. కోటలన్నిటినీ ఒక్కొక్కటిగా ముట్టడించుకుంటూ పోతే ఏళ్ళు పడుతుంది. అందుకని కోట జోలికి పోకముందే కోటను పోషించే శిస్తు మీద చెయ్యి వేశాడు. రైతు నేరుగా సర్కారుకే శిస్తు కట్టాలన్నాడు. అదే రైత్వారీ. పాలెగాడి బలగాన్ని రద్దు చేశాడు. మొండికేసినవాళ్ళ మీదికి సైన్యం వెళ్ళింది. లొంగినవాళ్ళకు నెలనెలా భరణం ఏర్పాటయింది. భరణం తీసుకునేవాడికి కోట ఎందుకు? తలుపులు తీసే ఉంచాడు, గోడలు వానకు కరిగిపోయాయి.

మన్రో మీద మనవైపు జనానికి గౌరవమూ ఉంది. శిస్తు మరీ ఎక్కువైందని గ్రహించి, 1807లో నాలుగో వంతు తగ్గించమని తానే సిఫారసు చేశాడు. అది అమలుకు రావడానికి మాత్రం తానే మద్రాసు గవర్నరు కావలసి వచ్చింది. 1827 జులైలో కలరా సోకి మన పత్తికొండలోనే కన్నుమూశాడు. మనిషి మంచివాడా చెడ్డవాడా అన్నది ఒక ప్రశ్న, అతడు అమలు చేసిన ఏర్పాటు ఏం చేసిందన్నది వేరే ప్రశ్న. చరిత్ర విద్యార్థి రెండింటినీ కలపకూడదు.

కర్నూలు నవాబు వంతు 1839లో వచ్చింది. గులాం రసూల్ ఖాన్ తన కోటలో ఫిరంగులు, మందుగుండు పెద్ద ఎత్తున దాచాడని కంపెనీ వాళ్ళు సోదా చేసి బయటపెట్టి, అతణ్ణి పదవి నుంచి దించేశారు. అంత సామగ్రి ఉన్న కోట కూడా నిలవలేదు. నంద్యాల, ఆళ్ళగడ్డ వైపు కూడా దాంతో కంపెనీ చేతికే వచ్చింది. 1858లో కోవెలకుంట్లను కడప నుంచి తెచ్చి కలిపి కర్నూలు జిల్లాను ఏర్పాటు చేశారు.

పదకొండు రూపాయల పది అణాల ఎనిమిది పైసలు

ఇక నొస్సం సంగతి. నొస్సం పాలెగాళ్ళు ఈ ప్రాంతంలో పేరున్నవాళ్ళు. పాళెం కంపెనీపరం కాగా వంశానికి భరణం మిగిలింది. నొస్సం జయరామిరెడ్డికి దౌహిత్రుడైన ఉయ్యాలవాడ నరసింహారెడ్డి వాటాకు నెలకు పదకొండు రూపాయల పది అణాల ఎనిమిది పైసలు వచ్చేవి. ఈ వింత అంకె ఏమిటా అని నేను ఒకసారి లెక్క కట్టి చూశాను. పన్నెండు నెలలకు గుణిస్తే సరిగ్గా 140 రూపాయలు. ఏడాదికి 140 అని ఎవరో దొర ఒక గీత గీశాడు, గుమాస్తా దాన్ని పన్నెండుకు పంచాడు. ఒకనాటి పాళేనికి వారసుడి బతుకు ఆ భాగహారంలో ఇమిడిపోయింది.

తిరుగుబాటుకు ఆ భరణం ఒక్కటే కారణమని అనేవాళ్ళున్నారు. అది సగం మాట. కట్టుబడి వాళ్ళ ఇనాం భూములను కూడా కంపెనీ ఒక్కొక్కటిగా లాగేసుకుంటున్నది. తాత ముత్తాతల నుంచి కావలి కాసి తిన్న నేల పోయేసరికి వాళ్ళకు నిలబడే చోటు లేకపోయింది. 1846 జులైలో నరసింహారెడ్డి వెంట కోవెలకుంట్ల ఖజానా మీద పడినవాళ్ళలో అట్లాంటివాళ్ళే ఎక్కువ. వడ్డె ఓబన్న పేరు మనవైపు అందరికీ తెలిసిందే. రెడ్డి భరణం కోపమూ, కట్టుబడి వాడి ఆకలీ కలిసిన చోట ఆ తిరుగుబాటు పుట్టింది. గిద్దలూరు, కంభం వైపు నల్లమలలో కంపెనీ సైన్యంతో పోరు సాగింది. 1846 అక్టోబరు 6న నరసింహారెడ్డి పట్టుబడ్డాడు.

ఆ తర్వాతి అంకెలు ఇంకా మాట్లాడతాయి. అతని అనుచరులని దాదాపు వెయ్యి మంది మీద వారంట్లు పుట్టాయి. 412 మందిని నేరం లేదని వదిలారు, 273 మంది జామీను మీద బయటికొచ్చారు, 112 మందికి శిక్షలు పడ్డాయి. 1847 ఫిబ్రవరి 22న కోవెలకుంట్లలో, కలెక్టరు కాక్రేన్ సమక్షంలో, రెండు వేలకు పైగా జనం చూస్తుండగా నరసింహారెడ్డిని ఉరి తీశారు. తలను కోవెలకుంట్ల కోట గోడకు వేలాడదీశారు. 1877 దాకా, అంటే 30 ఏళ్ళపాటు అది అక్కడే ఉంది.

ఇక్కడ ఒక్క క్షణం ఆగండి. కోట గోడ ఉపయోగం ఎట్లా మారిపోయిందో గమనించారా? ఊరిని శత్రువు నుంచి దాచడానికి లేపిన గోడ, ఊరికి భయం చూపించే గోడ అయింది. హెన్రీ కోటలకు సముద్రం ఎదురు, కోవెలకుంట్ల గోడకు మాత్రం తన ఊరే ఎదురయింది. ఆ తల కిందికి దిగిన 1877 మన పెద్దలు ధాత కరువు అని చెప్పుకునే మహా క్షామం రోజులు. అప్పటికి కోటకు కాపలా కాయడానికి ఏమీ మిగల్లేదు.

వాల్మర్ కిటికీలోంచి

మొదట చెప్పిన ముగ్గురు అక్కచెల్లెళ్ళలో శాండౌన్‌ను సముద్రం కోసేసింది. పందొమ్మిదో శతాబ్దంలో దాన్ని చాలావరకు పడగొట్టేశారు. డీల్ రక్షిత కట్టడంగా నిలిచి ఉంది. మూడోది వాల్మర్ మాత్రం పెద్దమనుషుల నివాసమైపోయింది. అక్కడి తీర రేవులకు అధిపతి అనే గౌరవ పదవిలో ఉన్నవారికి అది విడిది. 1829 నుంచి ఆ పదవిలో ఉన్నవాడు వెల్లింగ్టన్ ప్రభువు. నెపోలియన్‌ను వాటర్లూలో ఓడించిన ఆ వెల్లింగ్టనే. 1852 సెప్టెంబరు 14న అతను వాల్మర్ కోటలోనే చనిపోయాడు.

దీనితో మనకేమిటంటారా? వెల్లింగ్టన్ అసలు పేరు ఆర్థర్ వెల్లస్లీ. 1800లో మన ఊళ్ళను నిజాము నుంచి రాయించుకున్న గవర్నర్ జనరల్ రిచర్డ్ వెల్లస్లీ అతని సొంత అన్న. ఆర్థర్ కూడా ఆ రోజుల్లో దక్కనులో సేనాపతిగా ఉన్నాడు, మన్రోకు స్నేహితుడు. అన్న చేసుకున్న ఒప్పందంతో భూములు పోయిన ఒక పాలెగాడి మనుమడు కోవెలకుంట్లలో ఉరికంబమెక్కిన నాటికి, తమ్ముడు ట్యూడర్ రాజు కట్టించిన కోటలో వేసవి విడిది చేస్తున్నాడు. ప్రపంచం ఎంత చిన్నది, చరిత్ర ఎంత పొడుగు చేతులది అనిపిస్తుంది.

కోట నిలవడం నిలవకపోవడం రాయి గట్టితనం మీద ఆధారపడి ఉంటే, మన నాపరాయి ఇంగ్లండు రాయికి తీసిపోదు. వాల్మర్ నిలిచింది, ఎందుకంటే దాన్ని పోషించే ఆదాయం, ఉపయోగించుకునే మనుషులు, 'ఇది మాది' అనుకునే దేశం దాని వెనుక ఉన్నాయి. నొస్సం కోట శిథిలమైంది, ఎందుకంటే దాని వెనుకనున్న శిస్తును, బలగాన్ని, మనుషుల్ని ముందే వేరు చేసేశారు. కోట గోడకు పునాది గోడ కింద లేదు. గోడ చుట్టూ ఉన్న చేలల్లో ఉంది, ఆ చేలు దున్నేవాడి గింజలో ఉంది.

మన పని

1800 నాటి కాగితం మనకు 'సీడెడ్' అన్న పేరు అంటగట్టింది. ఇచ్చేసినది అని దాని అర్థం. దాన్నే మర్యాదగా 'దత్త మండలం' అన్నాం. 1928 నవంబరులో మన నంద్యాలలోనే ఆంధ్ర మహాసభలు జరిగినప్పుడు, చిలుకూరి నారాయణరావు గారు 'రాయలసీమ' అన్న పేరు ప్రతిపాదించారు, పెద్దలు అంగీకరించారు. ఒకడు రాసి ఇచ్చేసిన నేలకు మళ్ళీ సొంత పేరు పెట్టుకున్న ఊరు మనది. ఆ గర్వం ఉండవలసిందే. కానీ సినిమా వ్యాపారంలో ఈనాటికీ మన ప్రాంతాన్ని 'సీడెడ్' అనే అంటారు. 2019లో నరసింహారెడ్డి మీద పెద్ద సినిమా వచ్చినప్పుడు దాని వసూళ్ళు కూడా 'సీడెడ్' పద్దు కిందనే లెక్కగట్టారు. ఓర్వకల్లు విమానాశ్రయానికి ఆయన పేరు పెట్టుకున్నాం, 2022లో నంద్యాల జిల్లా కేంద్రమైంది. పేర్లు వస్తున్నాయి, బాగానే ఉంది. రాళ్ళు మాత్రం పోతున్నాయి.

బురుజు రాయి ఒకరి ఇంటి పునాదిలోకి పోతుంది, కోట రాయి కల్వర్టులోకి పోతుంది. పోనీ అనుకుందామా అంటే, ఆ రాయితో పాటు ఒక సాక్ష్యం పోతున్నది. ఇంగ్లండులో కొన్ని ట్యూడర్ కోటలకు కట్టిన మేస్త్రీల కూలి లెక్కలతో సహా కాగితాలున్నాయి. మనకు మెకంజీ దొర సేకరింపించిన కైఫీయత్తులున్నాయి, ఇనాం రికార్డులున్నాయి, కోర్టు కాగితాలున్నాయి. వాటిని ఊరితో జత చేసి చదివేవాళ్ళు చాలరు.

విద్యార్థి మిత్రులకు నాదొక మనవి. సంక్రాంతి సెలవులకు ఇంటికి పోయినప్పుడు ఒక్క పని చేయండి. మీ ఊళ్ళో బురుజు ఉంటే దాని చుట్టుకొలత తాడుతో కొలవండి. గుమ్మం నేలకు ఎన్ని మూరల ఎత్తులో ఉందో చూడండి. రంధ్రాలు ఏ దిక్కుకు తిరిగి ఉన్నాయో రాసుకోండి, ఎందుకంటే భయం ఆ దిక్కు నుంచి వచ్చింది. ఫోటో తీయండి. బురుజు పక్క ఇంటి ముసలవ్వను "అవ్వా, దీన్ని ఎవురు కట్టిచ్చినారంట?" అని అడగండి, ఆమె చెప్పింది చెప్పినట్లు రాయండి. ఊళ్ళో కట్టుబడి మాన్యం, కావలి చేను అన్న పేర్లతో నేలలు మిగిలి ఉంటే అవి ఎక్కడున్నాయో గుర్తించండి. కోట పునాది అక్కడుంది.

పదిమంది పది ఊళ్ళవి రాసుకొచ్చినా మన చరిత్ర శాఖకు ఒక మంచి దస్త్రం తయారవుతుంది. దేవుణ్ణి రాతిలోంచి బయటికి తీసుకురాగల శిల్పులున్న ఆళ్ళగడ్డ మనది. రాతిలో ఉన్న చరిత్రను చదవడానికి మాత్రం మనం ఎవరో వచ్చేదాకా ఎదురుచూడడం న్యాయం కాదు.